గట్టు మీద బెల్లు

మా ఊరు కాలవకి దక్షిణపు గట్టున ఉంటుంది. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు పోయే బస్సులూ లారీలూ ఆటోలూ అన్నీ అవతలి గట్టు మీది తారు రోడ్డున పోతాయి. మా వైపు గట్టుకి ఎర్ర గ్రావెలు పోసి రోలరు తిప్పారు గాని, లాకుల దగ్గర ఇరిగేషన్ వాళ్ళు రెండు పెద్ద రాళ్ళు పాతేశారు. ఆ రాళ్ళ మధ్య నుంచి మనిషి పడతాడు, సైకిలు పడుతుంది, గేదె కాస్త ఒళ్ళు రాసుకుని దూరుతుంది. బండి పట్టదు. ఊళ్ళోకి ట్రాక్టరు రావాలంటే వెనక పొలాల మధ్య ఉన్న పుంత మీదుగా రావాలి, వానాకాలం ఆ పుంతలో మోకాలి లోతు బురద. అందుచేత గట్టు మీద ఎప్పుడూ చప్పుడుండదు. ఒక పక్క కాలవ, ఇంకో పక్క పల్లంలో వరిచేలు, ఊరు దాటాక సత్యనారాయణమూర్తి గారి ఆకుతోట. అవిశ చెట్లు వరసలుగా వేసి, వాటి మీదికి తమలపాకు తీగలు పాకించారు. మిట్టమధ్యాహ్నం కూడా ఆ తోటలో నేల తడిగా, చల్లగా ఉంటుంది. తోట ఎదురుగా కాలవ మీద కాలినడక వంతెన ఉంది. ఊళ్ళోంచి ఎవరు ఏ పని మీద పట్నం బయల్దేరినా గట్టెక్కి, ఆ వంతెన దాటి, అవతల బస్సెక్కాల్సిందే.

ఆ గట్టు మీదే నేను యాభై దాటాక సైకిలు నేర్చుకున్నాను.

నేర్పింది సలోమి గారు. ఆవిడ నర్సు ఉద్యోగం చేసి రిటైరై, ప్రార్థన మందిరం వెనక రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. నాలాగే భర్త పోయిన మనిషి. ఉద్యోగం రోజుల్లో పురుళ్ళు పొయ్యడానికి సైకిలు మీద ఊళ్ళు తిరిగేవారు. రిటైరయ్యాక పురుళ్ళు ఆగాయి గాని సైకిలు ఆగలేదు. తెల్లవారగానే గట్టెక్కి లాకుల దాకా వెళ్ళి వచ్చేవారు. ఒకరోజు రేవులో గుడ్డలు జాడిస్తూ నేనే పలకరించాను.

"రోజూ అంత దూరం ఏం పనండీ?"

"పనేం లేదండి. ఊరికే."

"ఊరికే ఎలా వెళ్తారండీ?"

"కాళ్ళతో తొక్కుకుంటూ వెళ్తానండి," అన్నారావిడ.

ఊరికే వెళ్ళడమన్నది నేను ఎరగను. పెళ్ళికి వెళ్ళాను, పురిటికి వెళ్ళాను, మొక్కు తీర్చడానికి ద్వారకా తిరుమల వెళ్ళాను, చావులకి వెళ్ళాను. ఆయన పోయాక పెళ్ళిళ్ళూ పురుళ్ళూ తప్పుకున్నాయి, చావులు మిగిలాయి.

లాకులు దాటాక ఇంకో పిల్లకాలవ దక్షిణంగా దిగుతుందనీ, దాని గట్టు పట్టుకుని పోతే ఒక్క లారీ కూడా ఎదురుకాకుండా కొల్లేరు వస్తుందనీ సలోమి గారు చెప్పారు. చలికాలం అక్కడికి గూడబాతులు వస్తాయట. "ముక్కు కింద సంచీ వేలాడుతుందండి. సంతకి వెళ్ళొచ్చే పెద్దావిడలాగ ఉంటుంది," అన్నారు. పుట్టినప్పట్నించీ కొల్లేటి చేపలు తింటున్నాను. కొల్లేరు ఎలా ఉంటుందో చూడలేదు. నా అంతట నేను, నా కాళ్ళతో అక్కడిదాకా వెళ్ళాలనిపించింది. ఎవరికీ పనికొచ్చే కోరిక కాదు. అయినా పట్టుకుంది.

సైకిలు కోసం దేవదానం దగ్గరికి వెళ్ళాం. అతనిది సైకిలు టాక్సీ. టాక్సీ అంటే కారు కాదు, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టు. చుట్టుపక్కల ఊళ్ళల్లో అలాంటి కొట్లన్నీ అప్పటికే మూతపడ్డాయి, అతనిదొక్కటే మిగిలింది.

"ఆయ్, ఉందండి లేడీసు సైకిలు. తమరు ఎక్కడికండి?" అన్నాడు దేవదానం.

"ఊరికే," అన్నాను.

"ఆయ్, ఏ ఊరికండి?"

"ఊరికేనయ్యా."

"అదేనండి, ఏ ఊరికో చెబితే గాలి దాన్ని బట్టి కొడతాను."

సలోమి గారు నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగారు. "కొల్లేరు అని రాసుకో. ఇవాళే కాదులే," అన్నారు చివరికి.

నేర్చుకోవడానికి చాలా రోజులే పట్టింది. కాలవలో పడకూడదన్న భయం వల్ల ఎప్పుడూ పల్లం వైపే పడేదాన్ని. రెండుసార్లు మూర్తి గారి ఆకుతోట కంచెలో పడ్డాను. గ్రావెలు మీద పడితే మోచేయి చర్మం లేచిపోతుంది. సలోమి గారు అయోడిను రాసి మళ్ళీ ఎక్కించేవారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపడం, బ్రేకు నొక్కేముందు కాలు సిద్ధంగా పెట్టుకోవడం, గ్రావెలు వదులుగా ఉన్నచోట హ్యాండిలు గట్టిగా బిగించకుండా తేలిగ్గా పట్టుకోవడం తెలిశాయి. తారు రోడ్డు మీద మాత్రం ఒక్కసారి ఎక్కాను. వెనకనించి చేపల లారీ హారను కొట్టేసరికి దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ వచ్చేశాను. నాకు సైకిలంటే ఆ గట్టే. అది లేకపోతే సైకిలూ లేదు, కొల్లేరూ లేదు.

అప్పుడే ఎదురు గొడవ వచ్చింది.

పొద్దున్నే పని మీద బయల్దేరిన మనిషికి భర్త పోయిన ఆడది ఎదురుగా వస్తే మంచిది కాదని మా వైపు పట్టింపు. అలా ఎదురైతే బయల్దేరిన మనిషి ఇంటికి వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని అప్పుడు మళ్ళీ బయల్దేరతాడు. ఊళ్ళో వీధుల్లో అయితే ఇబ్బంది లేదు. మనిషి కనపడగానే నేను సందులోకి తప్పుకునేదాన్ని. అది అలవాటే. గట్టు మీద సందులుండవు. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క బురద. నేను లాకుల దాకా వెళ్ళి తిరిగొచ్చే వేళకే ఊళ్ళోవాళ్ళు బస్సుకి బయల్దేరతారు. అందరికంటే ముందు మూర్తి గారు తోటకి బయల్దేరతారు.

మొదటిసారి ఆయన నన్ను చూసి, కాలవ వైపు తిరిగి నిలబడ్డారు. నేను దాటిపోయాక వెనక్కి ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని మళ్ళీ వచ్చారు. మర్నాడూ అంతే. డెబ్బై దగ్గరపడిన మనిషి. ఇంటికీ తోటకీ నాలుగు తిరుగుళ్ళయ్యేవి. వారం తిరిగేసరికి సలోమి గారిని ఆపారు. నేను ఆవిడ వెనకే సైకిలు దిగి నిలబడి ఉన్నాను.

"నర్సమ్మగారూ, ఆవిణ్ణి కాస్త పొద్దెక్కాక రమ్మని చెప్పండి," అన్నారు.

"ఆవిడ ఇక్కడే ఉన్నారు కదండీ. మీరే చెప్పండి."

"మీరు చెబితే బావుంటుందండి."

"మరి నేనూ భర్త పోయినదాన్నే కదండీ మూర్తిగారూ. రోజూ నేను ఎదురొస్తే నమస్కారం పెడుతున్నారు."

"మీరు వేరండి. మీకు శకునాలు పట్టవు కదా."

"మీకు పట్టాలి గాని నాకు పట్టడమేంటండి."

సలోమి గారు వదల్లేదు. "మీ ఇంటావిడ పోయి నాలుగేళ్ళయింది. మరి మీరు ఎదురొస్తే మేమేం చెయ్యాలండి?"

"మగాళ్ళకి ఆ లెక్క లేదండి."

"ఎవరు పెట్టారండి ఆ లెక్క?"

"మగాళ్ళేనండి," అన్నారాయన. ఎగతాళికి కాదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పారు.

చివరికి ఆయనే ఒక దారి చూపించారు. నేను వచ్చేది ముందుగా తెలిస్తే చాలు. ఆయన మొహం చాటేస్తారు. మొహాలు కలవకపోతే ఎదురు కిందికి రాదు. అందుచేత తోటకీ ఊరికీ మధ్య ఉన్న తూము దగ్గరకి రాగానే నేను బెల్లు కొట్టాలి. సైకిలుకి బెల్లు ఎందుకుంటుందో అందరికీ తెలుసు, నాదానికి మాత్రం ఇంకో పని పడింది.

పద్ధతి బాగానే కుదిరింది. నేను తూము దగ్గర బెల్లు కొడితే మూర్తి గారు కాలవ వైపు తిరిగేవారు. కొన్నాళ్ళకి మిగతావాళ్ళూ నేర్చుకున్నారు. బస్సుకి పోయేవాళ్ళు, పాలు పోసి వచ్చేవాళ్ళు, బెల్లు వినగానే వరసగా నీళ్ళ వైపు తిరిగి నిలబడేవారు. కాలవలో ఏదో కొట్టుకొస్తుంటే చూస్తున్నట్టు ఉండేది. వాళ్ళ వీపుల పక్కనించి నేను తొక్కుకుంటూ పోయేదాన్ని. మొదట్లో సిగ్గేసింది. తరవాత ఎవరి వీపు ఎలా ఉంటుందో తెలిసిపోయింది. సలోమి గారికి మాత్రం ఒళ్ళు మండేది. "మీరు బెల్లు కొట్టడం మానండి కాంతమ్మగారూ, వాళ్ళే అలవాటు పడతారు," అనేవారు. ఆవిడ ధైర్యం ఆవిడది. నేను ఆ ఊళ్ళో పిండి మర పట్టించుకోవాలి, పాలు కొనుక్కోవాలి.

ఆ ఏడాది వేసవిలో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం వాళ్ళు కొట్టించారు. చెరువులు పోయినవాళ్ళు కొందరు పైకొచ్చి, కాలవల పక్కన పల్లపు భూములకి బేరాలు పెట్టారు. కైకలూరు నుంచి ఒకాయన మూర్తి గారి ఆకుతోట మీద మనసు పడ్డాడు. కాలవ ఎదురుగానే ఉంది, తవ్వితే చెరువు. తోట మూర్తి గారిదీ, చనిపోయిన అన్నగారిదీ ఉమ్మడి. అన్నగారి వాటా ఇప్పుడు కొడుకు జయకృష్ణది. అతను తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. ఆకుతోటంటే రోజూ కూలీలు, రోజూ నీళ్ళు, తుపానొస్తే తీగలన్నీ నేల మీద. అతనికి అమ్మెయ్యాలని ఉంది. అతని మాటలో తప్పేమీ లేదు.

రాళ్ళ సంగతి దేవదానం చెప్పాడు. "చెరువంటే మేత బస్తాలు రావాలండి, ఐసు రావాలండి, చేప పట్టినప్పుడు లారీలు రావాలండి. పుంత మీద కుదరదు కదండి. లాకుల దగ్గర రాళ్ళు తీయించడానికి అప్పుడే తిరుగుతున్నారండి. ఇంక గట్టు మీద లారీలేనండి."

ఆ తరవాత కొద్దిరోజులకి జయకృష్ణ మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"మీరంటే నాకు గౌరవమేనండి పిన్నిగారూ. కాని బేరం జరుగుతున్న రోజులు. మంచి ఘడియ చూసుకుని ఎవరో ఒకరు వస్తుంటారు, పోతుంటారు. మీరు ఎనిమిది దాటాక తొక్కుకోండి. ఈ నాలుగు రోజులే."

"బెల్లు కొడుతున్నాను కదా బాబూ."

"కైకలూరు ఆయనకి మన బెల్లు సంగతి తెలీదు కదండీ."

అదీ నిజమే. నేను ఎనిమిది దాటాక వెళ్ళడం మొదలుపెట్టాను. ఆశ్వయుజం ఎండ ఎనిమిదికే వీపు మీద కూర్చుంటుంది. లాకుల దాకా కూడా వెళ్ళలేక వెనక్కి వచ్చేదాన్ని. ఎనిమిది దాటాక బయల్దేరి కొల్లేరు వెళ్ళి చీకటి పడకుండా తిరిగి రావడం నా వల్లయ్యే పని కాదని సలోమి గారికీ తెలుసు. ఆవిడ ఆ ఊసెత్తడం మానేశారు.

ఒక సాయంత్రం నేను సలోమి గారి అరుగు మీద కూర్చుని ఉండగా మూర్తి గారు వచ్చారు. నన్ను చూసి తటపటాయించి, స్తంభానికి అవతలి వైపు కుర్చీ వేయించుకున్నారు. ఎప్పట్లాగే సలోమి గారితో మాట్లాడారు.

"ఎల్లుండి రిజిస్ట్రేషన్ అండి, నర్సమ్మగారూ. ఏడున్నరకి ఇంట్లోంచి బయల్దేరమని ముహూర్తం పెట్టించాడు మావాడు. కారు అవతల రోడ్డు మీద పెడతాడట."

"మంచిదండి."

"మంచిదేనండి." కాసేపు చేతికర్రతో నేల మీద గీశారు. "ఆ తీగలు మా ఆవిడా నేనూ వేశామండి. మొదటిసారి తుపానుకి పోతే మళ్ళీ వేశాం. ఇప్పుడు దాన్ని చెరువు చేస్తారట."

"మరి అమ్మనని చెప్పలేకపోయారా?"

"నలుగురిలో మాటిచ్చేశానండి. పిల్లవాడు అడుగుతుంటే కాదనలేకపోయాను. ఇచ్చిన మాట నా నోటితో నేను ఎలా వెనక్కి తీసుకుంటాను?" అని ఆగి, స్తంభం వైపు చూస్తూ అన్నారు. "ఆవిణ్ణి ఎల్లుండి ఏడున్నరకి తూము దగ్గరికి రమ్మని చెప్పండి. బెల్లు కొట్టొద్దని చెప్పండి."

సలోమి గారికి అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. నాకు వెంటనే అర్థమయింది. ఎదురొస్తే వెనక్కి తిరగాలి. వెనక్కి తిరిగితే ముహూర్తం దాటుతుంది. ఆ వారం దాటితే మూఢం. మూఢంలో ఎవరూ రిజిస్ట్రేషన్ పెట్టుకోరు. మాట తప్పిన మనిషిని ఊరు తప్పు పడుతుంది గాని, శకునం బాగులేక ఆగినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. సొంత అన్న కొడుకైనా అనలేడు.

"ఇన్నాళ్ళూ రావద్దన్నారు. ఇప్పుడు రమ్మంటున్నారు," అన్నారు సలోమి గారు.

"అవునండి."

"కాస్తయినా సిగ్గుగా లేదాండీ మూర్తిగారూ?"

"ఉందండి. అందుకే మీకు చెబుతున్నాను," అన్నారాయన. చేతికర్ర తీసుకుని వెళ్ళిపోయారు.

సలోమి గారు వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టుకొచ్చారు. ఇద్దరం తాగాం. "వెళ్ళకండి," అన్నారు. "వాళ్ళు అనుకోవడం వేరు. మీ అంతట మీరు వెళ్ళి వాళ్ళకి ఎదురు నిలబడితే, అవును, నేను చెడ్డ శకునాన్నే అని మీరు ఒప్పుకున్నట్టు. తరవాత ఎవరితో వాదించడానికీ మీకు నోరుండదు."

"వెళ్ళకపోతే తోట పోతుంది. రాళ్ళు తీసేస్తారు. గట్టు మీద లారీలొస్తాయి."

"అదీ నిజమే."

"అప్పుడు కొల్లేరు లేదు."

"లేదు," అన్నారావిడ. "ఏం చేస్తారు?"

తెలీదన్నాను. మర్నాడంతా ఆలోచించాను. వెళ్ళినా చిక్కే, మానినా చిక్కే. చివరికి నాకు తోచింది ఒక్కటే. బెల్లు కొట్టకుండా వెళ్తే శకునమై వెళ్ళినట్టు. బెల్లు కొట్టుకుంటూ వెళ్తే సైకిలు మీద వెళ్ళినట్టు. రెండోదే నాకు తెలిసిన పని. ఆయనకి ఏం కావాలో అది ఆయన చేసుకోవాలి.

ఆ రోజు తెల్లవారగానే మునుపట్లాగే లాకుల దాకా వెళ్ళాను. చాలా రోజుల తరవాత చల్లటి వేళ తొక్కడం. రాళ్ళ దగ్గర కాసేపు ఆగి తిరిగాను. కాలవ నిండుగా పారుతోంది, వరి పొట్ట మీద ఉంది. తోట దాటి తూము దగ్గరకి వచ్చేసరికి ఊరి వైపు నుంచి ముగ్గురు వస్తున్నారు. ముందు మూర్తి గారు, జరీ ఉత్తరీయం వేసుకున్నారు. పక్కన జయకృష్ణ, చంకలో కాగితాల సంచీ. వెనక కైకలూరు ఆయన.

నేను బెల్లు కొట్టాను. ఎప్పుడూ కొట్టేలాగే, రెండుసార్లు.

జయకృష్ణ గబుక్కున కాలవ వైపు తిరిగాడు. తిరుగుతూ కైకలూరు ఆయన భుజం పట్టుకుని ఆయన్నీ తిప్పాడు. ఆయన ఎందుకో తెలియక నీళ్ళలోకి వంగి చూశాడు. మూర్తి గారు తిరగలేదు. దారికి నడిమధ్యన నిలబడి నా మొహంలోకి చూశారు. అన్నేళ్ళుగా అదే ఊళ్ళో ఉంటున్నా ఆయన కళ్ళు శుక్లాలు పట్టి నీలంగా మసకబారాయని నాకు అప్పుడే తెలిసింది. నేను దిగలేదు, ఆగలేదు. ఆయన పక్కకి జరిగి దారి ఇచ్చారు.

నేను దాటాక వెనక మాటలు వినిపించాయి.

"ఎదురొచ్చారురా," అన్నారు మూర్తి గారు.

"బెల్లు కొట్టింది కదా బాబాయ్. ఎందుకు తిరగలేదు?"

"వినపడలేదురా."

"నాకు వినపడిందిగా."

"నీ చెవులూ నా చెవులూ ఒకటేనా," అన్నారు ఆయన. "పదండి వెనక్కి. కాళ్ళు కడుక్కోవాలి."

కాళ్ళు కడుక్కున్నారు. మంచినీళ్ళు తాగారు. కాసేపు కూర్చోవాల్సింది, మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ముహూర్తం దాటిపోయింది. తరవాత మూఢం వచ్చింది. మూఢం వెళ్ళేదాకా ఆగలేక కైకలూరు ఆయన వేరే ఊళ్ళో పొలం చూసుకున్నాడు. లాకుల దగ్గర రాళ్ళ ఊసు ఎవరూ ఎత్తలేదు.

జయకృష్ణ ఒకసారి మా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"మీరు కావాలనే వచ్చారు పిన్నిగారూ," అన్నాడు.

"బెల్లు కొట్టాను కదా బాబూ."

"కొట్టారు," అన్నాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

సలోమి గారు భయపడ్డదే జరిగింది. రిజిస్ట్రేషన్ ఆపిన ఎదురు కాబట్టి నా ఎదురుకి బలం ఎక్కువని ఊళ్ళో అనుకున్నారు. కంకిపాడు నుంచి వచ్చిన ఎవరి చుట్టమో నన్ను చూపించమని అడిగి మరీ చూశాడట. అంతకుముందు బెల్లు విని నీళ్ళ వైపు తిరిగేవాళ్ళు ఇప్పుడు నా చీర రంగు దూరాన్నించి కనపడగానే తిరుగుతున్నారు. బెల్లుతో పని లేకుండా పోయింది. "చెప్పానా," అన్నారు సలోమి గారు. చెప్పారని ఒప్పుకున్నాను. పొద్దెక్కాక రమ్మని మాత్రం ఎవరూ అనలేదు. నా ఎదురుగా నిలబడి అంతసేపు మాట్లాడే ధైర్యం ఎవరికి మాత్రం ఉంది?

మార్గశిరంలో కొల్లేరు బయల్దేరాం. దేవదానం రెండు చక్రాలకీ గాలి కొట్టి, గొలుసుకి నూనె వేసి, బ్రేకు రబ్బర్లు కొత్తవి పెట్టాడు. "కొల్లేరికేనాండి?" అని అడిగాడు. అవునన్నాను. సలోమి గారి క్యారియరు మీద చద్దన్నం, ఊరగాయ, నీళ్ళ సీసాలు. మంచు పట్టి గ్రావెలు అణిగి ఉంది, చక్రం కింద చప్పుడు కూడా లేదు.

ఆకుతోట దగ్గర మూర్తి గారు గట్టు మీదే ఉన్నారు. కోసిన ఆకు తడిగోనె మీద పేర్చి కట్టలు కడుతున్నారు. అలవాటు చొప్పున నేను బెల్లు కొట్టాను. ఆయన తలెత్తి చూశారు. సలోమి గారి వైపు కాదు, నా వైపే.

"ఎక్కడికమ్మా ఇంత పొద్దున్నే?" అన్నారు.

సలోమి గారు ఠక్కున బ్రేకు వేశారు. నేనూ దిగాను. ఏం జరిగిందో మూర్తి గారికి అప్పుడు తట్టింది. ఆకు పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకున్నారు.

"బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగేశారా మూర్తిగారూ?" అన్నారు సలోమి గారు. "మాకు పట్టదనుకోండి. ఆవిడకి పడుతుంది కదండీ. మీ లెక్కే అది."

"పొరపాటైపోయిందమ్మా," అన్నారాయన నాతో.

"ఇప్పుడేం చెయ్యాలండి?" అన్నాను. అదే ఆయనతో నేను ఎదురుగా నిలబడి మాట్లాడిన మొదటి మాట.

ఆయన నిజంగానే ఆలోచించారు. "వెనక్కెళ్ళి కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని బయల్దేరాలమ్మా," అన్నారు.

"వెనక్కి వెళ్తే ఎండెక్కిపోతుందండి."

"వెనక్కెందుకమ్మా. అదంతా ఇక్కడే కానివ్వండి."

తోటలోకి దిగాం. వరసల మధ్య పారే నీళ్ళలో నేను కాళ్ళు కడుక్కున్నాను. ఆయన కుండలోంచి చెంబుతో మంచినీళ్ళు ముంచి తెచ్చి అందించారు. తాగాను. అవిశ చెట్టు కింద తిరగేసిన గంప మీద కూర్చోమన్నారు, కూర్చున్నాను. పైన తీగలు ఒకదాని మీదొకటి పడి ఆకాశం కనబడకుండా చేశాయి. సలోమి గారు గట్టు మీదే నిలబడి గడియారం చూసుకుంటున్నారు.

"ఎంతసేపు కూర్చోవాలండి?" అని అడిగాను.

"దానికో లెక్కంటూ లేదమ్మా. మనసు కుదుటపడేదాకా."

"కుదుటపడిందండి," అన్నాను.

"అయితే బయల్దేరండి," అన్నారు. నేను సైకిలు ఎక్కుతుంటే మాత్రం ఆయన కాలవ వైపు తిరిగి నిలబడ్డారు. మొహం చాటేయడానికో, నేను వెళ్ళిపోయేది చూడకూడదనో నాకు తెలీదు. అడగలేదు.

లాకుల దగ్గర రాళ్ళ మధ్య నుంచి దూరి, పిల్లకాలవ గట్టు పట్టుకున్నాం. ఒక్క బండి ఎదురవలేదు. మనుషులు ఎదురయ్యారు. గడ్డిమోపులు, వలలు మోసుకెళ్ళేవాళ్ళు. నేను ఎవరో వాళ్ళకి తెలీదు, ఎవరూ నీళ్ళ వైపు తిరగలేదు. ఒకామె, "పెద్దోరు సైకిలు తొక్కుతున్నారే," అని నవ్వింది. పొద్దు బాగా ఎక్కాక గట్టు అయిపోయి నీళ్ళు మొదలయ్యాయి. అంత నీరు ఒక్కచోట నేను చూడలేదు. అవతలి ఒడ్డు లేదు.

గూడబాతులు చాలా దూరంలో ఉన్నాయి. తెల్లగా, పెద్దగా కదులుతున్నాయని మాత్రం తెలిసింది. సలోమి గారు చెప్పిన సంచీ నాకు కనపడలేదు. చద్దన్నం తిని, ఎండ దిగేలోపు తిరిగి రావాలని లేచాం.

మళ్ళీ వెళ్ళాలి.